పదకొండో గది

ఆ ఎండాకాలం మా ఇంట్లో అందరం కలిసి ఒక లాడ్జిని తిప్పాం. చెక్కా గుడ్డా కలిపి కట్టిన లాడ్జి లెండి. అయినా మేం పడ్డ పాట్లు నిజం లాడ్జిని తిప్పడానికి సరిపోయేవి.

మామయ్య నాటకాలాడిస్తారు. ఇంటి వెనక ఒకప్పుడు సిమెంటు బస్తాలు పెట్టుకున్న గోడౌనే ఆయన హాలు. చుట్టుపక్కల వీధుల జనమే ఆయన నటులు. ఏడాదంతా బస్సులు నడిపేవాళ్ళు, పళ్ళు పీకేవాళ్ళు, బట్టలు కుట్టేవాళ్ళు వేసవి రాగానే రాజులూ దొంగలూ అయిపోతారు. మామయ్య మెడలో స్టాప్‌వాచ్, చేతిలో సుద్దముక్క. ఎవరెక్కడ నిలబడాలో నేల మీద గీత గీస్తారు. బొటనవేలు గీతకి అటైనా ఇటైనా రిహార్సల్ మళ్ళీ మొదటికొస్తుంది. పెళ్ళయిన కొత్తలో ఆయన్ని ఏదో బళ్ళో డ్రిల్లు మాస్టారనుకున్నాను.

ఆ హాలుకి మహారాణి అత్తయ్య. మోకాళ్ళు మొరాయించడంతో కొన్నేళ్ళుగా స్టేజీ ఎక్కడం లేదు. ఆ విద్యంతా మా మీద చూపించేది. పేపరు ఆలస్యమైతే గుమ్మంలో కోర్టు సీను ఆడేది. కూరలో ఉప్పు తక్కువైతే గుండె పట్టుకునేది. తనని నేను ‘నువ్వు’ అనే అంటాను, అది తను పెట్టిన షరతు. ‘మీరు’ అంటే వయసు గుర్తొస్తుందట.

నేను బట్టలుతికే మిషన్లకి ప్రోగ్రాములు రాసే కంపెనీలో పనిచేస్తాను. నీళ్ళెన్ని పట్టాలి, ఎంతసేపు తిరగాలి, ఎప్పుడాగాలి అని మిషన్‌కి చెప్పేది మేమే. మామయ్య నన్ను అందరికీ ‘సబ్బునురుగు ఇంజనీరు’ అని పరిచయం చేసేవారు. మా ఆయన వడ్రంగి. ఇంటి పక్క షెడ్డులో కుర్చీలూ బీరువాలూ చేస్తాడు, వేసవిలో తండ్రి నాటకాలకి గోడలూ తలుపులూ చేస్తాడు.

ఆ ఏడు మామయ్య కొత్త నాటకం రాశారు. లాడ్జి నడిపే ఒక ముసలావిడ గడియారం పోతుంది. దొంగ అద్దెకున్నవాళ్ళలోనే ఒకడు. చివరి సీనులో ఆవిడ గదిగదికీ వెళ్ళి ఒక్కొక్కడి బండారం వాడి మొహం మీదే చెప్తుంది. ఆఖరికి తన గదికొచ్చి, దీపం వెలుగులో నిలబడి, “దొంగెవరో నాకు తెలుసు. అయినా ఎవరూ గది ఖాళీ చెయ్యక్కర్లేదు” అంటుంది. దాంతో తెర. ఆ మాట రాస్తున్నప్పుడు మామయ్య చెవిలో ఎవరి గొంతు వినిపించిందో ఇంట్లో అందరికీ తెలుసు. అత్తయ్యకి అందరికంటే బాగా తెలుసు. నాటకం చదివిన రోజునుంచీ మోకాళ్ళకి రెండు పూటలా నూనె పట్టించడం మొదలుపెట్టింది.

ఒక ఆదివారం పొద్దున మామయ్య హాల్లో సుద్దతో గదులన్నీ గీసి “ఏమోయ్, ఒకసారి నడువు” అన్నారు. అత్తయ్య నడిచింది. మూడో గది దాకా మహారాణిలాగే నడిచింది. నాలుగో గది దగ్గర గోడ ఉందనుకుని చెయ్యి చాపింది, అక్కడ గోడ లేదు, సుద్దగీతే ఉంది. నేను వెళ్ళి పట్టుకున్నాను. మామయ్య స్టాప్‌వాచ్ చూసుకున్నారు.

“ఇంత సేపు పడితే జనం లేచిపోతారు. దర్జీ అమ్మాయి చేస్తుందిలే” అన్నారు.

“సరే” అంది అత్తయ్య.

దర్జీ అక్క మా వీధి చివర కొట్టు పెట్టుకుని అందరికీ బట్టలు కుడుతుంది, నాటకాలకి వేషాలూ తనే కుడుతుంది. మంచి మనిషి, నటన కూడా బాగా వచ్చు. జుట్టుకి తెల్లరంగు వేస్తే చాలు, ముసలావిడ అయిపోతుంది. మర్నాటినుంచే రిహార్సల్ మొదలైంది. అత్తయ్య కిటికీ దగ్గర కూర్చుని వినేది.

“ఎలా చేస్తోంది?” అనడిగాను.

“బాగా చేస్తోందమ్మాయ్. నా ఏడుపంతా అదే” అంది.

నాకు ఒళ్ళు మండింది. నాలుగడుగులు ఆలస్యమైనందుకు అంత పెద్ద నటిని కిటికీ దగ్గర కూర్చోబెడతారా? ఆ రోజు భోజనాల దగ్గర అనేశాను. “అత్తయ్య గదుల దగ్గరికి నడవలేకపోతే గదుల్నే అత్తయ్య దగ్గరికి నడిపిద్దాం.”

మామయ్య ముద్ద చేతిలోనే పట్టుకుని నావైపు చూశారు. మా ఆయన మాత్రం అప్పటికే వేలితో కంచంలో గుండ్రంగా గీసేస్తున్నాడు. పెద్ద తిరుగుడు బల్ల. దాని మీద గదులన్నీ గుండ్రంగా, పుచ్చకాయ ముక్కల్లా. బల్ల ముందు, నేల మీద కుర్చీలో అత్తయ్య. బల్ల కొంచెం తిరిగితే మొదటి గది వస్తుంది, అత్తయ్య అతగాణ్ణి కడిగేస్తుంది. మళ్ళీ కొంచెం తిరిగితే రెండో గది. ఒక చుట్టు పూర్తయ్యేసరికి అత్తయ్య సొంత గది వెనక్కొచ్చి నిలబడుతుంది, అందులో దీపం వెలుగుతుంది.

“తిప్పేదెవరు?” అన్నారు మామయ్య.

“మోటారు. మా కంపెనీలో పాతవి పడున్నాయి. ఎప్పుడు తిరగాలో ఎప్పుడాగాలో నేను రాస్తాను.”

“బట్టలుతికే మోటారు మీద నా నాటకమా.”

“మీ వాళ్ళని ఉతికి ఆరేసే సీనేగా నాన్నా” అన్నాడు మా ఆయన.

మామయ్య నవ్వలేదు గానీ ముద్ద నోట్లో పెట్టుకున్నారు. ఆయన షరతు ఆయన చెప్పారు. “చూడమ్మా, ప్రతి గదీ నేను కొలిచినంత సేపే ఆగాలి. చివర సరిగ్గా ఒక్క చుట్టు తిరిగి ఆగాలి. కాస్త అటూ ఇటూ అంటే కుదరదు. పెద్ద రిహార్సల్ నాటికి అలా అయితే మీ అత్తయ్య చేస్తుంది. కాకపోతే దర్జీ అమ్మాయే నడుస్తుంది. మళ్ళీ నన్నడగొద్దు.”

“సరిగ్గా అంటే సరిగ్గానే ఆగుతుంది మామయ్యా” అన్నాను. ఆయన మాటే నా ప్రోగ్రాములోనూ రాశాను. ఒక గదికి తిరిగినప్పుడల్లా చుట్టులో ఆ వంతు కలుపుకుంటూ పో. మొత్తం సరిగ్గా ఒకటైనప్పుడు ఆగు, దీపం వెలిగించు. అంతకంటే తేలికైన ప్రోగ్రాము నేను ఉద్యోగంలో చేరాక రాయలేదు.

తర్వాతి రోజులు భలే గడిచాయి. షెడ్డునిండా రంపప్పొట్టు, ఇంటినిండా వైర్లు. అత్తయ్య సొంత గదితో కలిపి ఎనిమిది గదులు. బల్ల మొదటిసారి తిరిగిన రోజు అత్తయ్య కుర్చీలో కూర్చుని ఏడు ఖాళీ గదుల్నీ పేరుపేరునా తిట్టింది. చుట్టు పూర్తయింది, బల్ల ఆగింది, దీపం వెలిగింది. వందసార్లు తిప్పినా అంతే. మామయ్య నేల మీద గీత గీసి, వంగి, కళ్ళజోడు సర్దుకుని చూశారు. ఆయనకి వంక పెట్టడానికి ఏమీ దొరకలేదు. దర్జీ అక్క జుట్టు రంగు కడిగేసుకుని, అత్తయ్యకి శాలువా అంచు కుట్టడం మొదలుపెట్టింది.

అన్నీ బావుండగా పళ్ళ డాక్టరు అడ్డొచ్చాడు. ఆయనకీ ఆయన బావమరిదికీ నాటకంలో వేషాలు కావాలి. మామయ్య అయితే ఎవరికైనా మొహం మీదే కాదంటారు, కానీ అప్పుడు ఆయన దవడపన్ను సగం పీకి, సగం పీకకుండా డాక్టరు చేతిలో ఉంది. నోరు తెరిచి ఉన్నవాడు కాదని ఎలా అంటాడు? పెద్ద రిహార్సల్‌కి ముందురోజు ఇంకో రెండు గదులు వచ్చి చేరాయి. డాక్టరు పిల్లనగ్రోవి వాయించే అద్దెదారు. బావమరిదికి నటన బొత్తిగా రాదు కాబట్టి నిద్రపోయే అద్దెదారు. మా ఆయన గదులు ఇరుకు చేసి పదీ పట్టించాడు. నేను ప్రోగ్రాములో ఎనిమిదో వంతుని పదో వంతు చేశాను. ఒక్క అంకె మార్చడమే కదా అనుకున్నాను.

పెద్ద రిహార్సల్‌కి వీధి సగం వచ్చింది. చివరి సీను మొదలైంది. అత్తయ్య శాలువా కప్పుకుని కుర్చీలో కూర్చుంది. బల్ల తిరిగింది. మొదటి గదిలో బస్సు డ్రైవరు, యాభై ఏళ్ళ పెళ్ళికొడుకు వేషంలో. అత్తయ్య ఒక్క మాటతో అతన్ని మంచం మీద కూలబెట్టింది. జనం పడి పడి నవ్వారు. గది వెనక గది వచ్చింది. డాక్టరు పిల్లనగ్రోవి కిందకి దించాడు. బావమరిది అద్భుతంగా నిద్రపోయాడు. ఆఖరికి అత్తయ్య గది వచ్చింది. తను ఊపిరి పీల్చుకుని, దీపం వెలగడం కోసం చూసింది.

దీపం వెలగలేదు. లాడ్జి ఒక్క క్షణం నిలబడి మళ్ళీ కదిలింది. మళ్ళీ బస్సు డ్రైవరొచ్చాడు.

అప్పటికే అతను మంచం దిగి చెమట తుడుచుకుంటున్నాడు. అత్తయ్య అతన్ని తేరిపార చూసి, “ఇంకా ఇక్కడే ఉన్నావా నాయనా? ముహూర్తం దాటిపోలా?” అంది. జనం చప్పట్లు కొట్టారు. మామయ్య రిహార్సల్ మధ్యలో ఎవరూ ఏదీ ఆపకూడదన్నది రాతిమీద గీత. అందుకని ఎవరూ కదల్లేదు. రెండో చుట్టులో అత్తయ్య అందరికీ కొత్త తిట్లు తిట్టింది. డాక్టరుతో “ఆ గొట్టం అలా పెట్టుకుంటే పళ్ళు పుచ్చిపోతాయి బాబూ” అంది. అత్తయ్య గది చీకట్లోనే వచ్చి చీకట్లోనే వెళ్ళిపోయింది. మూడో చుట్టుకి బావమరిది నిజంగానే గుర్రు పెడుతున్నాడు. అత్తయ్య నోటిమీద వేలుంచుకుని జనాన్ని చప్పుడు చెయ్యొద్దంది.

నేను తెర పక్కన స్క్రీను చూస్తూ ‘ఇప్పుడాగాలి, ఇప్పుడాగాలి’ అనుకుంటూ కూర్చున్నాను. చివరికి అత్తయ్య గొంతు బొంగురుపోవడం వినపడి వైరు పీకేశాను.

జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. మామయ్య ఒక్కరే కొట్టలేదు. ఆయన నా దగ్గరికొచ్చి మెల్లగా, “బట్టలు ఆరాయామ్మా?” అన్నారు. దర్జీ అక్క వైపు తిరిగి, “రేపు పొద్దున జుట్టుకి రంగు వేసుకో” అన్నారు. అత్తయ్య శాలువా మడత పెట్టి అక్క చేతికిచ్చింది. అప్పటిదాకా అంత అల్లరి చేసిన మనిషి, మడత పెట్టడానికి చాలాసేపు తీసుకుంది. నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది, ఎవరి మీదో తెలీలేదు.

తెల్లారేసరికి కారణం దొరికింది. అందర్నీ షెడ్డులోకి పిలిచాను. మామయ్య టీ గ్లాసుతో వచ్చి ముక్కాలిపీట మీద కూర్చున్నారు. అత్తయ్య ఇంకా పూర్తికాని సోఫాలో కూర్చుంది.

“మొత్తం ఎంత వచ్చిందో చూడండి” అని స్క్రీను చూపించాను. సున్నా, చుక్క, ఆ తర్వాత తొమ్మిదుల బారు.

“ఒకటి కాదా ఇది?” అన్నారు మామయ్య.

“ఒకటికి రవ్వంత తక్కువ. పదిసార్లు పదో వంతు కలిపితే దానికి అంతే వచ్చింది. సరిగ్గా ఒకటైతేనే ఆగమన్నాం, ఒకటి కాలేదు, ఆగలేదు. తర్వాతి గదికి ఒకటి దాటేసింది. ఇక ఎన్ని చుట్లు తిరిగినా ఆగదు.”

“లెక్కలు రాని మిషన్ ఎందుకు మరి?”

“లెక్కలొచ్చు మామయ్యా. మనం పదుల్లో లెక్కపెడతాం, అది రెండుల్లో పెడుతుంది. సగం, అందులో సగం, మళ్ళీ అందులో సగం, ఇలాంటివి దానికి కొట్టిన పిండి. పదో వంతు మాత్రం దాని అంకెల్లో రాస్తూ పోతే ఎక్కడా తెగదు. చోటున్నంతవరకు రాసి, దగ్గర్లో ఉన్నదానికి సర్దేసుకుంటుంది.”

అత్తయ్య సోఫాలో ముందుకి జరిగింది. “అర, పావు, అరపావు, వీసం. మా అమ్మ లెక్కంతా అదే. పదో వంతు అడిగితే మా అమ్మ కూడా చేటతో కొట్టేది” అంది.

“అందుకే ఎనిమిది గదులప్పుడు బుద్ధిగా ఆగింది. ఎనిమిదో వంతంటే అరపావే కదా.”

మా ఆయన గోడకి తగిలించిన రంపం వైపు చూపించాడు. “పలకని పది ముక్కలు కోసి మళ్ళీ పక్కపక్కన పేరిస్తే పాత పొడవు రాదు నాన్నా. మధ్యలో రంపం తిన్నది పొట్టుగా రాలిపోతుంది. అలాంటిదేలే.”

నాకు ఆ పోలిక అంత నచ్చలేదు, కానీ మామయ్యకి ఎక్కింది. గ్లాసు నోటి దగ్గర్నుంచి దించి, “ఎంత తక్కువ?” అనడిగారు.

“వెంట్రుక వాసిలో కోటి వంతు కూడా కాదు.”

“అంత దానికి ఆగకుండా తిరిగిందా?”

“మీరన్నదే విన్నది. సరిగ్గా అన్నారు, సరిగ్గా అని రాశాను. సరిగ్గా రాలేదని ముందుకెళ్ళిపోయింది.”

“ఇప్పుడేం చేస్తావు?”

“సరిగ్గా ఒకటేనా అని అడగను. ఒకటికి బాగా దగ్గర్లో ఉందా అని అడుగుతాను. ఉంటే చాలు, ఆగమంటాను. లోకంలో ఇలాంటి ప్రోగ్రాములు రాసేవాళ్ళంతా చేసేది అదే.”

అత్తయ్య మోకాళ్ళు రుద్దుకుంటూ అంది. “ఆ మాటేదో మీ మామయ్యకి కూడా రాసిపెట్టు అమ్మాయ్. నేనూ నాలుగు క్షణాలు ఆలస్యంగానే వచ్చాను, గది మాత్రం దాటిపోలేదు.”

నవ్వుతూనే అంది. మా ఆయన చెక్క ముక్క కోయబోతున్నవాడిలా రంపం చేతిలోకి తీసుకుని మళ్ళీ తగిలించేశాడు. మామయ్య గ్లాసు అడుగుకేసి చూస్తూ కూర్చున్నారు. దాంట్లో టీ ఎప్పుడో అయిపోయింది. తర్వాత లేచి, సుద్దముక్క చెవి మీద పెట్టుకుని గుమ్మం దాకా వెళ్ళి ఆగారు.

“ఆ కుర్చీ గట్టిగా ఉంది. దిండొకటి కట్టరా దానికి” అని కొడుకుతో అని వెళ్ళిపోయారు.

దర్జీ అక్క రంగు వేసుకున్న తలతో రానే వచ్చింది. అత్తయ్యకి శాలువా తిరిగిచ్చి, “పిన్నీ, ఇక నా జుట్టు నాకు వదిలెయ్యండి. ఇంకోసారి కడిగితే ఊడిపోతుంది” అంది. ఇద్దరూ ఒకరి భుజం మీద ఒకరు తల పెట్టుకుని నవ్వారు.

మొదటి ఆట రోజు హాలు కిక్కిరిసిపోయింది. చివరి సీను మొదలైంది. గదులు ఒక్కొక్కటీ వచ్చి తిట్లు తిని వెళ్ళాయి. అత్తయ్య గది వచ్చింది. బల్ల ఆగింది. దీపం వెలిగింది. నేను ఊపిరి వదిలాను.

వదిలిన ఊపిరి మళ్ళీ పీల్చుకోవాల్సొచ్చింది. ప్రోగ్రాము ఆగాల్సిన చోటే ఆగింది, లాడ్జి మాత్రం జానెడు ముందే ఆగిపోయింది. పది గదులు, తొమ్మిది మంది మనుషులు, వాళ్ళ మంచాలు. పెద్ద రిహార్సల్‌లో తిరిగి తిరిగి వదులైన మోటారు బెల్టు ఆ బరువుకి దారిలో కొంచెం కొంచెంగా జారింది. అత్తయ్య గదిలో కర్రస్టాండు మీది దీపం ఉండాల్సిన చోట లేదు. దాని వెలుగు వెనక గోడ మీదా, అత్తయ్య చెవి మీదా పడింది. మొహం చీకట్లో ఉండిపోయింది.

అత్తయ్యకి అర్థమైంది. కుర్చీ చేతులు పట్టుకుని వెలుగువైపు జరగబోయింది. మోకాళ్ళు సహకరించలేదు. నేను పక్కనున్న మామయ్య వైపు చూశాను. ఆయన నేల మీది తన సుద్దగీతనీ, దానికి జానెడు దూరంలో ఉన్న బల్లనీ చూస్తున్నారు. ఇక స్టాప్‌వాచ్ నొక్కుతారు, తెర దించెయ్యమంటారు అనుకున్నాను.

ఆయన స్టేజీ మీదకి నడిచారు. మెడలో స్టాప్‌వాచ్, చెవి మీద సుద్ద, కాళ్ళకి చెప్పులు కూడా లేవు. బల్ల మీద నుంచి దీపం స్టాండు ఎత్తి, వైరు ఈడ్చుకుంటూ తెచ్చి, అత్తయ్య పక్కన పెట్టారు. వెలుగు మొహం నిండా పడేదాకా కొంచెం కొంచెంగా జరిపారు. వెనక వరసలో ఎవరో “ఇతనిది పదకొండో గదేమో” అన్నారు. పెట్టడం అయ్యాక ఎటు వెళ్ళాలో ఆయనకి తెలీలేదు. ఆయన నిలబడ్డ చోట గీతేదీ లేదు. అలాగే స్టాండు పట్టుకుని నిలబడిపోయారు.

అత్తయ్య జనం వైపు చూడలేదు. ఆయన్నే పైనుంచి కిందదాకా తీరిగ్గా చూసింది.

“దొంగెవరో నాకు తెలుసు” అంది. చాలాసేపు ఆగింది, మామయ్య కొలిచిచ్చినదానికంటే చాలా ఎక్కువసేపు. “అయినా ఎవరూ గది ఖాళీ చెయ్యక్కర్లేదు.”

జనం నవ్వారు, ఆ నవ్వులోంచే చప్పట్లు మొదలయ్యాయి. దర్జీ అక్క కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ తెర తాడు లాగింది. ఆ చప్పట్లలో మామయ్య ఏదో అన్నారు, అత్తయ్య ఏదో అంది. నాకు వినపడలేదు.

మర్నాడు మా ఆయన బెల్టు బిగిస్తానన్నాడు. మామయ్య పేపరు దించకుండానే, “ఎందుకురా, ఆగింది కదా” అన్నారు. రెండో ఆటకీ లాడ్జి జానెడు ముందే ఆగింది, పదకొండో గది ఆయన దీపం తెచ్చారు. పళ్ళ డాక్టరు తనకంటే ఆ వేషానికే చప్పట్లు ఎక్కువ పడుతున్నాయని అలిగాడు.

పని సగంలో ఉంటే మా ఆయనకి నిద్ర పట్టదు. మూడో రోజు ఉండబట్టలేక బెల్టు బిగించేశాడు. ఆ సాయంత్రం ఆటకి ముందు ప్రోగ్రాము సరిచూసుకుందామని హాల్లోకి వెళ్తే, తిరుగుడు బల్ల కింద నుంచి రెండు కాళ్ళు బయటికి కనిపించాయి. వంగి చూశాను. మామయ్య వెల్లకిలా పడుకుని, పానా పెట్టి బెల్టు వదులు చేస్తున్నారు. స్టాప్‌వాచ్ పక్కన నేల మీద పడుంది.

“ఎంత వదులు చేశారు మామయ్యా?” అనడిగాను.

ఆయన పానా ఇంకో మర తిప్పి, నావైపు చూడకుండా అన్నారు.

“కొలవలేదమ్మా.”